పోటూ పాటూ

సఖినేటిపల్లి రేవులో తెల్లారి తొలి పంటు.
పాలక్యాన్లు, మోటారుసైకిళ్ళు, అరటిగెలలు,
వాటి నడుమ ట్రంకుపెట్టె మీద నేను,
ఒళ్ళో తెల్లబూట్ల డబ్బా.
బురద అంటకూడదని అమ్మ దాన్ని రెండు కవర్లలో చుట్టింది.
రొయ్యల షెడ్డు ఐసునీళ్ళలో నానిన వేళ్ళు,
ముడి రెండుసార్లు జారిపోయింది.
"ఏరు పోటు మీదుంది.
పంటు కాస్త ఎగువకి పోయి గాని నరసాపురం ఒడ్డు పట్టదు," అంది.
చదువు గురించి ఒక్క మాటా అనలేదు.

మొదటి నెల మనుషుల్ని ముట్టనివ్వలేదు.
మంచాల్ని ముట్టుకున్నాం.
దుప్పటి మూల నలభై అయిదు డిగ్రీల్లో మడవాలి.
రాహేలు మేడమ్ అరచేత్తో తడిమి
ఒక్క ముడత తగిలినా పక్క మొత్తం పీకేసేది.
"ఇదే వారానికి వీపు మీద పుండవుద్ది."
సూదులు బత్తాయిలకి వేశాం.
బత్తాయి అబ్బా అనదు, మొహం తిప్పుకోదు.
రాత్రి హాస్టల్లో వాటినే పిండుకు తాగితే చప్పగా ఉన్నాయి,
సగం మా ఇంజక్షన్ నీళ్ళే.
పక్కమంచం కెజియా
ఫీమర్, టిబియా, ఫిబ్యులా అంటూ
ఎముకల్ని కీర్తనలా రాగం తీసేది.
తెలుగు మీడియం గొంతులో నాకు
ఒక్కో ఎముకా పరిగె ముల్లులా అడ్డం పడేది.

తర్వాత బీపీ.
చేతికి పట్టీ, చెవుల్లో గొట్టాలు,
పాదరసం ఎక్కింది, దిగింది.
నాకు వినపడింది ఫ్యాను,
ఎవరిదో దగ్గు,
నా గుండె.
ఇంకా తొమ్మిది మంచాలున్నాయి.
నూట ఇరవై బై ఎనభై, రాసేశాను.
మర్నాడూ అదే.
పుస్తకంలో ఉన్న అంకె,
ఎవరికైనా సరిపోతుందనుకున్నాను.

పదకొండో మంచం మల్లాడి ధర్మయ్య.
అంతర్వేది దాకా నాటుపడవ నడిపినవాడు,
అరచేతుల్లో ఇంకా తాడు గాట్లు.
నా మొహం చూసి కనిపెట్టాడు.
"ఏం పిల్లా, ఇనపడట్లేదా?
పడవలో పడుకుని ఏరు ఇంటాం కదా, అట్టా ఇను.
ముందు సడి ఉండదు.
పోటొచ్చిందా, అడుగు చెక్కని తడతాది.
తట్టీ తట్టీ ఊరుకుంటాది.
అది పాటు."

కళ్ళు మూసుకున్నాను.
నిశ్శబ్దం.
పాదరసం జారుతోంది.
టక్.
రెండొందల పది దగ్గర ఎవరో చెక్కని తట్టారు.
తడుతూనే ఉన్నారు.
నూట ఇరవై నాలుగు దగ్గర ఊరుకున్నారు.
రక్తపోటు. ఈ మాట ఎన్నిసార్లు బట్టీపట్టానో!
అందులో మా ఏరు ఉందని
ఆ రోజు దాకా తెలీదు.

పై గడిలో నిన్నటి అంకె, నా దస్తూరీ:
నూట ఇరవై బై ఎనభై.

రాహేలు మేడమ్ దగ్గరికి నడిచానో పరిగెత్తానో.
చెప్పాను. అంతా చెప్పాను.
ముందు డాక్టర్ని పిలిచింది.
తర్వాత నన్ను.
తిడుతుందనుకున్నాను.
చార్టు నా ముందు పెట్టింది.
"చెరపకు. దిద్దకు.
ఒక్క గీత కొట్టు, కింది అంకె కనపడాలి.
పక్కన నీ పేరు పెట్టు."

ఈ వృత్తిలో నా తొలి సంతకం
ఒక అబద్ధం పక్కన ఉంది.

ధర్మయ్యని సాయంత్రం ఏలూరు పంపారు.
తర్వాతేమయ్యాడో ఎవరినడిగినా తెలీదన్నారు.
పదకొండో మంచం దుప్పటి నేనే మార్చాను.
మూలలు కుదిరాయి. ముడత లేదు.
అయినా మళ్ళీ తడిమాను.

ఆదివారం అమ్మ పంటు దాటి వచ్చింది,
టిఫిన్ గిన్నెలో చింతచిగురు రొయ్యలు.
మణికట్టు పట్టుకున్నాను.
"వాసనొత్తాదే," అని లాక్కోబోయింది.
వదల్లేదు.
ఆ చల్లటి చర్మం కింద
చిన్నగా, తొందర తొందరగా, ఏదో తడుతోంది.
"ఎంతుంది?" అంది.
గడియారం మీంచి చూపు తిప్పకుండా అన్నాను:
"ఆగు. ఇంకా నిమిషం కాలేదు."